మన రొయ్య కులాసాగా ఉంది

ఆ ఆదివారం ఉదయం లిఫ్టుల తనిఖీదారు వేసుకున్న పథకంలో వేలెత్తి చూపవలసిన దోషం ఏదీ లేదు. పది గంటలకు భార్యతో ఇల్లు కదలాలి. సముద్రపు చేపలు అమ్మే దుకాణానికి వెళ్ళాలి. అంత సులభంగా ప్రాణం విడవని జీవినొకదానిని ఎంచుకోవాలి. పదకొండున్నరకు ఇల్లు చేరాలి. ఇదంతా ఒక చిన్న కాగితం మీద రాసుకొని, చొక్కా జేబులో పెట్టుకొని, అది జేబులోనే ఉన్నదా అని మూడుమార్లు తడిమి చూసుకున్నాడు.

తడిమి చూసుకోవడం ఆయన వృత్తిధర్మం. ఎత్తైన భవనాలలో లిఫ్టులను పరీక్షించి, ఇవి మనుషులను మోయవచ్చునని సంతకం చేసే ఉద్యోగం ఆయనది. కొత్త లిఫ్టుకు నలభై అయిదు రోజుల పరీక్షాకాలం ఉంటుంది. ఆ కాలంలో ఒక్క లోపం కనిపించినా సంతకం లేదు. తలుపుకు తాళం పడుతుంది. తోటి ఉద్యోగులు ఆయనను చాటున ‘తాళంకప్ప’ అనేవారు. ఆయన చెవిన పడినా నొచ్చుకునేవాడు కాదు. తాళంకప్ప వల్ల ఇంతవరకు ఎవరికీ కాలు విరగలేదు కదా అని తృప్తిపడేవాడు.

ఆయనకు పెళ్ళయి పదకొండేళ్ళు. సంతానం లేదు. ఆ ఏడాది భార్యాభర్తలు ఒక పాపను పెంచుకోవాలని నిశ్చయించుకొని, శిశుసంరక్షణ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకున్నారు. అనాథాశ్రమంలో చూపించిన నాలుగేళ్ళ పిల్ల ఆయన ఒడిలో కూర్చొని, “మీ ఇంట్లో ఏమేం ఉంటాయి?” అని అడిగింది. ఆయన నిజాయితీగా ఆలోచించి, “కుర్చీలుంటాయి,” అన్నాడు. “ఇంకా?” అంటే, “ఒక బీరువా,” అన్నాడు. పాప ఆయన ముఖంలోకి చూసి, జాలిపడి, తాను తింటున్న బిస్కెట్టులో సగం విరిచి ఆయన చేతిలో పెట్టింది.

ఆ సగం బిస్కెట్టు ఆయనకు నిద్రలేకుండా చేసింది. అంత దయగల బిడ్డను తన చేతికి ఎలా అప్పగిస్తారు? గతంలో ఆయన పెంచిన పూలమొక్క నీళ్ళు చాలక ఎండిపోయింది. ఆ పశ్చాత్తాపంతో పెంచిన ముళ్ళజెముడు నీళ్ళు ఎక్కువై కుళ్ళిపోయింది. అందుచేత ఆయన ఇంట్లో ఒక ప్రకటన చేశాడు. హాలులో ఒక గాజుతొట్టె పెడతాడు. అందులో ప్రాణులను నలభై అయిదు రోజులు పెంచుతాడు. ఒక్క ప్రాణానికి కూడా హాని జరగకపోతే ఆఖరి అంగీకారపత్రం మీద సంతకం చేస్తాడు. జరిగితే దరఖాస్తు వెనక్కి తీసుకుంటాడు.

“పాపకీ లిఫ్టుకీ పోలికేమిటండీ?” అని భార్య నెత్తి కొట్టుకుంది.

“రెండూ మన చేతుల్లో ప్రాణం పెట్టినట్టే కదా,” అన్నాడాయన.

భార్య మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఉప్పును పొడిమందు తూచినట్లు తూచి నీళ్ళలో కలిపే బాధ్యత ఆమె తీసుకున్నది. ఆయన తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై అయిదేళ్ళు ఆపరేటరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. లోకుల రహస్యాలన్నీ చెవులారా విని, ఒక్కటీ పెదవి దాటనివ్వని గుండె ఆమెది. తొట్టె ఆరు వారాల పాటు ఇసుక, రాళ్ళు, ఉప్పునీళ్ళు మాత్రమే పెట్టుకొని బుడగలు కక్కింది. కొత్త నీళ్ళు ప్రాణిని భరించే స్థితికి రావడానికి అంత కాలం పడుతుందని దుకాణదారు చెప్పాడు. ఆ గడువు ముగిసిన ఆదివారమే ఇది.

దుకాణంలో గోడల నిండా నీలిదీపాలు, గాజుపెట్టెలు. దుకాణదారు బక్కపలచని మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ తడిగానే ఉంటాడు.

“ఆ నీలం చేప?” అని తనిఖీదారు వేలు చూపించాడు.

“దానికి వీధంత చోటు కావాలి సార్. మీ తొట్టెలో వేస్తే తోక ఇటు తగుల్తుంది, మూతి అటు తగుల్తుంది.”

“పోనీ, ఆ రంగురంగులది?” అన్నది భార్య.

“చూడ్డానికి మహారాణే అమ్మా. తిండి దగ్గరే పేచీ. మీరు వేసింది ముట్టదు. రాళ్ళ మీద కంటికి కనపడని పురుగులే ఏరుకుంటుంది. కొత్త తొట్టెలో అవి ఉండవు. మీ కళ్ళముందే చిక్కిపోతుంది.”

తనిఖీదారు ఆ పెట్టె దగ్గరనుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. “ఆ పువ్వు?”

“పువ్వు కాదు సార్, అదీ ప్రాణే. అది పోయిందంటే నీళ్ళు మొత్తం పాడుచేసి పక్కవాళ్ళని కూడా వెంటబెట్టుకు పోతుంది.”

“అవన్నీ వద్దు. చావనిది చూపించండి.”

దుకాణదారు చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. “చావనిది నా దగ్గరే కాదు సార్, ఎక్కడా దొరకదు. తొందరపడి చావనిది ఉంది, ఇస్తాను.”

నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న చిన్న చేపను చూపించాడు. అది తొట్టెలోనే పుట్టి పెరిగిందనీ, సముద్రం ముఖం ఎరగదు కనుక బెంగపెట్టుకోదనీ, ఏది వేసినా తింటుందనీ చెప్పాడు. గాజుమీది పాచి నాకడానికి నాలుగు నత్తలు ఇచ్చాడు. “అన్నీ ఒకేసారి వేయకండి. ఇవి కుదురుకుంటే, రెండు వారాల తర్వాత ఒక రొయ్య తీసుకెళ్ళండి. కొత్తవాళ్ళకి అది బంగారం లాంటిది. చేప ఒంటిమీది మురికి ఏరి తింటుంది.”

చేప కుదురుకున్నది. పదిహేనో రోజున రొయ్య కూడా వచ్చింది. ఎర్రటి ఒళ్ళు, వీపు పొడవునా తెల్లటి గీత, శరీరంకంటె పొడవైన తెల్లమీసాలు. చేప దగ్గరకు రాగానే వైద్యుడిలా వంగి, దాని చెంపలు పరీక్షించింది.

“రొయ్యను పెంచుకోవడం నా బతుకులో వినలేదురా,” అన్నది తల్లి.

“ఇది సేవ చేసే రొయ్యమ్మా.”

“అయితే నా మోకాళ్ళు కూడా చూడమను.”

పదిహేడో రోజున శిశుసంరక్షణ అధికారిణి తొలిసారి ఇంటికి వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద సంచి. గదులు, కిటికీలు, మెట్లు అన్నీ చూసి, తొట్టె ముందు ఆగి, ‘చేప ఒకటి, నత్తలు నాలుగు, రొయ్య ఒకటి’ అని రాసుకున్నది. సరిగ్గా నలభై అయిదో రోజున మళ్ళీ వస్తానన్నది. ఇంతవరకు అంతా లిఫ్టు సాఫీగా ఎక్కినట్లే ఉంది.

ఇరవయ్యో రోజు ఉదయం తనిఖీదారు చేపకు మేత వేయబోయి రాతి పక్కన చూశాడు. రొయ్య వెల్లకిలా పడి ఉంది. మీసాలు, కాళ్ళు, కళ్ళు, తోక, అన్నీ ఉన్నాయి, చలనం లేదు. వేలితో తాకితే కాగితంలా తేలికగా కదిలింది. ఒక్క క్షణంలో ఆయన కళ్ళముందు పాప, బిస్కెట్టు, దరఖాస్తు వరసగా మునిగిపోయాయి.

నియమం ప్రకారం తాళం వేయవలసిందే. కానీ పక్కగదిలో భార్య పాపకోసం పసుపుపచ్చని కర్రకుర్చీకి రంగు వేస్తూ, సన్నగా పాట పాడుకుంటున్నది. ఆ పాటను మధ్యలో ఆపే ధైర్యం ఆయనకు లేకపోయింది. రొయ్యను దూదిలో చుట్టి, కళ్ళజోడు పెట్టెలో పెట్టి, సంచి అడుగున దాచాడు. ఆఫీసుకు వెళ్ళవలసినవాడు దుకాణానికి పరుగెత్తాడు.

“ఇంకో రొయ్య కావాలి. నాకు కాదు. మా స్నేహితుడొకాయన తొట్టె పెట్టాడు.”

చచ్చిందని ఒక్క మాట చెప్పి ఉంటే, దుకాణదారు ఒక్క మాటతో ఈ కథను అక్కడే ముగించి ఉండేవాడు. కానీ తప్పు చేసినవాడికి నోరు పెగలదు. దుకాణదారు సంతోషంగా ఒక రొయ్యను సంచిలో వేసి ఇచ్చాడు. తనిఖీదారు ఎవరూ చూడకుండా దానిని తొట్టెలో వదిలాడు.

రెండు రోజుల తరువాత తొట్టెలో రెండు రొయ్యలు పక్కపక్కన నిలబడి మీసాలు ఊపుతున్నాయి.

ఆయన చాలాసేపు కన్నార్పకుండా చూశాడు. సమాధానం ఒక్కటే తోచింది. ఆ ఉదయం రొయ్య లేకపోవడం భార్య కూడా గమనించి ఉంటుంది. తన మనసు నొవ్వకూడదని ఆమె కూడా వెళ్ళి ఒకటి తెచ్చి ఉంటుంది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంతటి ఇల్లాలి ఔదార్యాన్ని బయటపెట్టి ఆమెను ఇబ్బందిపెట్టడం న్యాయం కాదనుకొని ఊరుకున్నాడు.

భార్య కూడా రెండు రొయ్యలను చూసింది. తొట్టెలో ఎక్కువ ప్రాణులు వేయవద్దన్నారు కదా, అయినా ఈయన ముచ్చటపడి రొయ్యకు తోడు తెచ్చి, నేను కోప్పడతానని చెప్పలేదు కాబోలు అనుకున్నది. పాపం, చెప్పినప్పుడే వింటాను అనుకున్నది.

రాత్రి భోజనాల దగ్గర ఆయన తల ఎత్తకుండా, “మన రొయ్య ఎలా ఉంది?” అన్నాడు.

“కులాసాగా ఉంది,” అన్నది భార్య.

“లక్షణంగా ఉందిరా,” అన్నది తల్లి. ఆమెకు కూడా రెండు కనిపించాయి. వైరు మీద ఎన్ని మాటలు విన్నా నడుమ నోరు పెట్టకపోవడం ఆమెకు అలవాటు.

ఇరవై ఏడో రోజు మధ్యాహ్నం భార్య మందుల దుకాణంనుంచి అన్నానికి వచ్చి తొట్టెలోకి చూసింది. ఒక రొయ్య రాతిమీద ఉంది. ఇంకొకటి ఇసుకమీద పారదర్శకంగా, నిశ్చలంగా పడి ఉంది. భర్త ముచ్చటపడి తెచ్చుకున్న ప్రాణి! ఇది తెలిస్తే ఆయన ఇంకేమీ వినడు, సంతకం పెట్టడు, పసుపుపచ్చ కుర్చీ అలాగే ఉండిపోతుంది. ఆమె రొయ్యను ఖాళీ మాత్రల సీసాలో పదిలపరిచి, మూత బిగించి, అలమరలో చీరల మడతల నడుమ పెట్టింది. తరువాత చేపల దుకాణానికి వెళ్ళి, “మా అక్కయ్యకు ఒక రొయ్య కావాలండీ. వాళ్ళూ తొట్టె పెట్టారు,” అన్నది.

“మీ ఇంటి చలవ అమ్మా,” అన్నాడు దుకాణదారు. “మిమ్మల్ని చూసి అందరూ మొదలుపెడుతున్నారు.”

రెండు రోజులు తిరిగేసరికి మూడు రొయ్యలు లెక్కకు వచ్చాయి. తనిఖీదారు ఈసారి పెద్దగా ఆశ్చర్యపడలేదు. లిఫ్టుకు ఒక తీగ చాలినా, తెగితే ఆసరాకు మరికొన్ని వేస్తారు. భార్య ముందుచూపుతో అదనపు రొయ్యను వేసి ఉంచిందని గ్రహించి, మనసులోనే ఆమెకు సాంకేతిక మార్కులు వేశాడు. భార్యేమో, రెండోది చచ్చిందని తెలియక ఈయన మూడోది కూడా తెచ్చాడనుకొని, ఈయనకు రొయ్యల పిచ్చి పట్టిందని బెంగపెట్టుకున్నది.

“మన రొయ్య ఎలా ఉంది?”

“కులాసాగా ఉందండీ.”

“చిక్కలేదు కదా?”

“కొంచెం నిండుగానే కనపడుతోందిరా,” అన్నది తల్లి, కంచంలోకి చూస్తూ.

ముప్ఫై నాలుగో రోజు ఆమె వంతు వచ్చింది. కోడలు పనికి, కొడుకు పనికి వెళ్ళారు. ఆమె తొట్టె పక్కన కూర్చొని కూరలు తరుగుతుండగా, ఒక రొయ్య శవం గాలిగొట్టం బుడగలకు తేలుతూ వచ్చి గాజుకు ఆనింది. ఆమె కత్తిపీట పక్కకు నెట్టి, కాసేపు కళ్ళు మూసుకున్నది. తరువాత శవాన్ని గుండీల డబ్బాలో పెట్టి, మోకాళ్ళ నొప్పులతోనే రెండు వీధులు నడిచి దుకాణానికి వెళ్ళింది.

“మా పాత ఆఫీసులో ఒకావిడ అడిగింది నాయనా. ఒక రొయ్య ఇయ్యి.”

దుకాణదారు ఆమెకు కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, ఇంతగా సముద్రజీవులను ప్రచారం చేసే కుటుంబాన్ని తాను ఎన్నడూ చూడలేదని చెప్పాడు.

ఇప్పుడు రొయ్యలు నాలుగు. చేప ఒక్కటే. ఒకే తలకాయ కోసం నలుగురు క్షురకులు ఎగబడ్డట్లు, అది కదిలితే చాలు, నాలుగువైపులా చుట్టుముట్టి శుభ్రం చేయసాగాయి. ఆ చేప ఒంటిమీద ఇక మురికి అనేది లేకపోయినా వాటి సేవ ఆగలేదు. అది రాతి వెనక దాక్కుని, మేత వేళకు మాత్రం తొంగిచూసి, ఆ మేతను కూడా రొయ్యలు లాక్కుపోతుంటే నోరు తెరిచి చూసేది. ముగ్గురూ ఆ దృశ్యాన్ని చూశారు. ముగ్గురూ తల తిప్పుకున్నారు. “మన రొయ్య ఎలా ఉంది?” అన్న ప్రశ్నా, “కులాసాగా ఉంది” అన్న జవాబూ రోజూ తప్పలేదు.

తనిఖీదారుకు మాత్రం అన్నం సహించడం మానేసింది. ఎందరు ఎన్ని రొయ్యలు తెచ్చినా, ఇరవయ్యో రోజున తన చేతిలో ఒక ప్రాణం పోయిన మాట పోయిందే. నలభై నాలుగో రోజున ఆఫీసులో కూర్చొని ఒక ఉత్తరం రాశాడు. ‘రొయ్యను కాపాడలేని నేను పసిబిడ్డను కాపాడగలనని ఏ ముఖంతో చెప్పను? నా దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నాను.’ కవరు అంటించేటప్పుడు జిగురును తడపవలసిన అవసరం లేకపోయింది. అప్పటికే తడిసి ఉంది.

నలభై అయిదో రోజు పదకొండు గంటలకు అధికారిణి వచ్చింది. సంచి దించి, కాగితాలు తీసి, నేరుగా తొట్టె దగ్గరకు నడిచింది. కళ్ళజోడు సవరించుకున్నది.

“పోయినసారి రొయ్య ఒకటని రాసుకున్నాను. నాలుగున్నాయే?”

ముగ్గురూ ఒకేసారి తొట్టెలోకి తొంగిచూశారు.

“పిల్లలు పెట్టిందా?”

“అవునండీ,” అన్నది భార్య.

“కాదండీ,” అన్నాడు భర్త.

“ఏమోనమ్మా,” అన్నది తల్లి.

తనిఖీదారు లేచి నిలబడి కవరు ఆమె చేతికి ఇచ్చాడు. “మేడమ్, మీకు దాచడం తప్పు. ఈ ఇంట్లో ఒక చావు జరిగింది.”

అధికారిణి ఉలిక్కిపడి తల్లివైపు చూసింది. “నేను కాదమ్మా,” అన్నది ఆవిడ.

ఆయన కళ్ళజోడు పెట్టె తెచ్చి బల్లమీద తెరిచాడు. “ఇరవయ్యో రోజు. నా చేతిలోనే పోయింది. మా ఆవిడ గుండె పగులుతుందని దాచాను. మీకు దీన్ని చూపించి తప్పుకోవాలనుకున్నాను.”

“ఏమిటండీ మీరు?” అన్నది భార్య. ఆమె పరుగెత్తి మాత్రల సీసా తెచ్చింది. “పోయింది మీ చేతిలో కాదు. ఇదిగో, ఇరవై ఏడో రోజున నా కళ్ళముందు పోయింది. మేడమ్, ఈయనకు తెలిస్తే సంతకం పెట్టరని నేనే దాచాను. తప్పు నాది. ఈయన్నేం అనకండి.”

“అమ్మాయ్, నువ్వు కాస్త ఆగు,” అంటూ తల్లి గుండీల డబ్బా తెచ్చి, మూత తీసి, మూడోదాన్ని ఆ రెండింటి పక్కన పెట్టింది. “ముప్ఫై నాలుగో రోజు. ఇంట్లో ఉన్నదాన్ని నేను. చూసుకోవాల్సింది నేను. పిల్లల జోలికి రాకండి.”

అధికారిణి మూడు శవాలనూ, మూడు ముఖాలనూ చూసింది. కలం తీసింది. “ఒక్క నిమిషం. మొత్తం ఎన్ని రొయ్యలు తెచ్చారు?”

“నేను రెండు.”

“నేనొకటి.”

“నేనూ ఒకటే.”

“నాలుగు. పోయినవి మూడు. నాలుగులో మూడు పోతే ఉండాల్సింది ఒకటి. తొట్టెలో నాలుగెలా ఉన్నాయి?”

ఒకటో తరగతి పిల్లలు చేసే ఆ తీసివేత మూడు వారాలుగా ఆ ఇంట్లో ఎవరూ చేయలేదు. ప్రేమ ఉన్న చోట లెక్కలు చేయకూడదని వాళ్ళు అనుకున్నారు. ఇప్పుడు ముగ్గురూ వేళ్ళు మడుస్తూ నిలబడ్డారు.

అప్పుడే తొట్టెలో ఒక రొయ్య పక్కకు వాలి, కాళ్ళు ఝాడించింది. తనిఖీదారు గాజుకు ముఖం ఆనించి, “పోతోంది, ఇదీ పోతోంది!” అని కేక పెట్టాడు. దాని వీపు నడుమ సన్నగా విచ్చుకున్నది. ఒక్క గింజుడు గింజుకుని, మీసాలతో సహా, కాళ్ళతో సహా, అది తనలోనుంచి తానే బయటకు దూకింది. ఇసుకమీద ఖాళీ పెంకు వెల్లకిలా పడింది. అచ్చం బల్లమీదివాటిలాగే ఉంది.

“అత్తయ్యా, పుట్టింది!”

“పుట్టడమేమిటి అమ్మాయ్, బట్టలు మార్చుకుంటోంది. అందరూ అటు తిరగండి.”

కొత్త రొయ్య సిగ్గుపడినట్లు రాతి వెనకకు పోయింది. తల్లి ఫోను అందుకొని దుకాణానికి కలిపింది.

“పెంకు వదులుతుందమ్మా, నాలుగు వారాలకోసారి,” అన్నాడు దుకాణదారు. “కొత్త నీళ్ళలో వేస్తే ఇంకా ముందే వదులుతుంది. రెండు రోజులు దాక్కుని మళ్ళీ వస్తుంది. ఊరందరికీ రొయ్యలు పంచిన ఇల్లు మీది, మీకు తెలీదా?”

తనిఖీదారు కుర్చీలో కూలబడ్డాడు. ఎవరూ చావలేదు. నలభై అయిదు రోజులలో ఒక్క ప్రాణం పోలేదు. ఆయన అధికారిణి చేతిలోని కవరు వైపు చూశాడు. అది అప్పటికే చించి ఉంది, ఆమె చదువుతున్నది.

“మేడమ్, ఆ ఉత్తరం...”

“ఇచ్చిన కాగితం తిరిగి ఇవ్వకూడదు,” అన్నది ఆమె, తల ఎత్తకుండా.

భార్య చేయి ఆయన భుజాన్ని గట్టిగా పట్టుకున్నది.

అధికారిణి ఉత్తరాన్ని ముగించి, మడిచి, దస్త్రంలో పెట్టింది. “దీన్ని ఇందులోనే ఉంచుతాను. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు చూస్తున్నాను. తప్పు నీదంటే నీదని కొట్టుకునే ఇళ్ళు చాలా చూశాను. చావు నాదంటే నాదని పోట్లాడుకున్న ఇల్లు ఇదే. మీరు కాపాడలేదని రాసిన రొయ్య రాతిమీద కూర్చుని నన్ను చూస్తోంది. కాబట్టి ఈ ఉత్తరం చెల్లదు.” అంగీకారపత్రాన్ని బల్లమీద, మూడు పెంకుల పక్కన పరిచింది. “సంతకం పెడతారా, లేదా? మిగతా రొయ్యలు కూడా పెంకు వదిలేదాకా కూర్చోమంటారా?”

ఆయన పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి. వాటిని సరిచేయాలని ఆయనకు తోచలేదు. అదనపు రొయ్యలు మూడూ ఆ సాయంత్రమే దుకాణానికి తిరిగి వెళ్ళాయి. చేప ఎన్నో రోజుల తరువాత తొట్టె నడుమకు వచ్చి ఈదింది.

వారం తిరగకముందే నివేదిక నకలు వచ్చింది. పాప రావలసిన తేదీ మొదటి పేజీలోనే ఉంది. భార్య దానిని అత్తగారికి చదివి వినిపించి, కళ్ళు తుడుచుకొని, ఆఖరి పేజీ తిప్పింది. ‘ఇతర పరిశీలనలు’ అన్న గడిలో అధికారిణి గుండ్రని అక్షరాలతో ఇలా రాసింది:

‘ఈ కుటుంబం నిజం ఒప్పుకోవడానికి సగటున రెండున్నర వారాలు తీసుకుంటున్నది, పాప వచ్చిన తరువాత అంత తీరిక ఉండదు.’